నీలం వెలిగే పాగా

సూరిబాబు నుదుటి మీద దీపం పసుపుగా వెలిగింది.

విచారణకు కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యంత్రం పక్కన నిలబడ్డ హైమవతి మాత్రం ఎవరి మొహమూ చూడలేక చేతిలోని తీగనే చూస్తూ ఉండిపోయింది. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఆమె. దాన్ని తలకు పెట్టుకున్న సూరిబాబు ఆమె మొగుడు.

పెళ్ళాం చేసిన యంత్రంతో మొగుణ్ణి పరీక్షించడమేమిటని అడిగినవాళ్ళు లేకపోలేదు. "యంత్రానికి చుట్టరికాలుండవు" అని హైమకు చదువు చెప్పిన సర్వోత్తమరావు మాస్టారు ఒక్క మాటలో తేల్చేశారు. మాస్టారు తేల్చాక కాకినాడలో ఇంకొకరు నోరు విప్పడమనేది ఎప్పుడూ జరగలేదు.

దాన్ని అందరూ పాగా అంటారు గానీ నిజానికది సన్నటి తీగలు అల్లిన మెత్తటి టోపీ. పెట్టుకున్న మనిషి తాను చేసిన పనిని మొదటినుంచీ చెప్పుకుంటూ రావాలి. చెబుతున్నకొద్దీ ఆ క్షణం మెదడులో మళ్ళీ కదులుతుంది. నిర్ణయం ఏ మూల పుట్టిందో పాగా పట్టేస్తుంది. పాగా తల మీదుండగానే తీసుకున్న నిర్ణయమైతే చెప్పుకోనక్కర్లేదు, అప్పటికప్పుడే పట్టేస్తుంది. ఇది చేయవలసిన పని కాబట్టి చేశాను అన్న బుద్ధిలోంచి పుట్టిందైతే నుదుటి మీది చిన్న దీపం నీలంగా వెలుగుతుంది. భయంలోంచో, ఆశలోంచో, కోపంలోంచో, ఇష్టంలోంచో పుట్టిందైతే పసుపు.

సూరిబాబు డ్రెయిన్ల శాఖలో చిన్న ఇంజనీరు. పోయిన వానాకాలం వాయుగుండం పట్టి కుండపోతగా కురిసినప్పుడు, సముద్రానికి పోయే పెద్ద డ్రెయిన్ మీద ఒక రెగ్యులేటర్ అతని చేతిలో ఉంది. షట్టర్లు ఎత్తితే దిగువన ఒక పెద్దమనిషి రొయ్యల చెరువులు కొట్టుకుపోతాయి. దించితే ఎగువనున్న కాలనీ మునుగుతుంది. దించే ఉంచమని పైనుంచి ఫోనొచ్చింది. సూరిబాబు ఎత్తేశాడు. పక్క డ్రెయిన్ మీదున్న కాళీప్రసాద్ అనే మరో ఇంజనీరుకూ అదే ఫోను వెళ్ళింది. అతను దించే ఉంచాడు. అక్కడ ఎగువన ఇళ్ళు కూలి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు విచారణలో ఇద్దరికీ పాగా పెట్టారు. కాళీప్రసాద్‌కు నీలం వెలిగింది.

"కాళీప్రసాద్ కర్తవ్యబుద్ధితో నడిచారు. ఫలితం దురదృష్టకరం. సూరిబాబు గారు మాత్రం స్వంత అహంతో..." అని మధ్యలో కూర్చున్న పెద్దమనిషి మెల్లగా చెప్పుకుపోతున్నాడు. రాబోయే శనివారం టౌన్ హాల్లో సభ ఉంది. ఆ సభలో ప్రభుత్వం పాగాకు ఆమోదముద్ర వేస్తుంది. వేసిన మరుక్షణం ఈ తీర్పు ఖాయమై సూరిబాబు ఉద్యోగం ఊడుతుంది. ఆ మీదట ఎవరికి అధికారమివ్వాలన్నా, ఎవరి దగ్గర లాక్కోవాలన్నా పాగానే అడుగుతారట.

సూరిబాబు టోపీ తీసి భార్య చేతికిచ్చాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేదని హైమకు దారి పొడుగునా అనిపించింది.

*

పాగా ఆలోచన మాస్టారిది. పనితనం హైమది.

మాస్టారు కుర్రతనంలో జర్మనీ వెళ్ళి తత్త్వశాస్త్రం చదువుకొచ్చినవారు. అక్కడి మహానుభావులు ఆయనకు ఇంటిమనుషుల కింద లెక్క. పేర్లతో పిలవరు. విధి అని చేసిందే ధర్మమని చెప్పి, ఊరి పొలిమేర దాటకుండా బతికిన ఆయన్ని బ్రహ్మచారి గారంటారు. ధర్మమంతా బలమున్నవాడి ముసుగేనని కొట్టిపారేసిన ఆయన్ని మీసాలాయన అంటారు. పొలమూ ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉంటే నీతి వాళ్ళ చుట్టూ తిరుగుతుందన్న ఆయన గడ్డమాయన. మాస్టారి పూజగదిలో పటం లేదు గానీ, ఉంటే బ్రహ్మచారి గారిదే ఉండేది.

"అత్తగారికి కోడలు వేళకి మందేసిందమ్మా. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని వేసిందా, అత్తగారంటే ఇష్టమై వేసిందా, వెయ్యడం తన విధి అని వేసిందా? మందు ఒకటే. ధర్మం మాత్రం మూడోదాంట్లోనే ఉంది. అదే చూపించే యంత్రం ఉంటే లోకం ఎంత బాగుపడుతుందో!" అని ఆయన క్లాసులో చెప్పిన రోజున హైమ ముందు బెంచీలో కూర్చుని ఉంది. తండ్రి లేని పిల్లని చేరదీసి చదివించిన మనిషి నోటి నుంచి వచ్చిన కోరిక. తీర్చకుండా ఎలా ఉంటుంది?

యంత్రం కట్టాక దానికి ధర్మం అంటే ఏమిటో చూపించాలి, పసిపిల్లకు ఏనుగును చూపించి ఏనుగు అని చెప్పినట్టు. దానికోసం మాస్టారి పాత శిష్యుల్ని పిలిచారు. ఒక్కొక్కరి తలకూ పాగా పెట్టి, విసుగు పుట్టే పనులు అప్పగించారు. బియ్యంలో రాళ్ళేరడం, చిక్కుపడ్డ దారం విప్పడం వంటివి. పని అయ్యాక మాస్టారు స్వయంగా ఎదురుగా కూర్చుని అడిగేవారు. "బలవంతంగా చేశావా నాయనా, ధర్మమనిపించి చేశావా?" వాళ్ళు చెప్పిన జవాబును బట్టి హైమ యంత్రానికి నేర్పింది. ఎంత బాగా నేర్చుకుందో! మొత్తం శిష్యబృందంలో ఒక్కరంటే ఒక్కరు బలవంతంగా చేశామనలేదు. పసుపు చూపించడానికి మనుషులు దొరక్క, చివరికి రిక్షా స్టాండు దగ్గర పోట్లాడుకుంటున్నవాళ్ళని బతిమాలి తెచ్చుకున్నారు.

*

ఇంట్లో ఆ వారమంతా గాలి ఆడనట్టే ఉంది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళు. ఒకరినొకరు నువ్వనే పిలుచుకునే చనువు. ఇప్పుడు ఆ చనువు ఎక్కడికి పోయిందో తెలియదు. హైమ గ్యాస్ పొయ్యి తుడిచిందే తుడుస్తోంది. సూరిబాబు చదివిన పేపరే తిరగేస్తున్నాడు.

"ఆ రోజు షట్టర్లు ఎందుకెత్తేవు?" అని చివరికి ఆమే అడిగింది.

"కాలనీ ములిగిపోద్ది కదా."

"అంతేనా?"

అతను పేపరు మడిచాడు. "పెద్ద ఇంజనీరు ఫోన్లో నన్ను ఒరేయ్ అన్నాడు హైమా. ఒళ్ళు మండిపోయింది. చక్రం తిప్పుతుంటే ఆ మనిషి మొహమే కనపడింది. కాలనీ కూడా కనపడింది. ఏది ముందు కనపడిందో ఇప్పుడు నాకే తెలీటం లేదు. నీ పాగాకి తెలిసిందేమో."

అక్కడ హైమ ఒక మాట అనాల్సింది. కాదు, నువ్వు మంచివాడివి, నాకు తెలుసు అనాల్సింది. ఆమె అనలేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను యంత్రం చేసిన మనిషి మింగేసింది. ఎందుకంటే ఆమె పాగాను నమ్మింది. మొగుణ్ణి మించి నమ్మింది. ఆ సంగతి అతనికీ అర్థమైంది.

వాన వెలిశాక కాలనీవాళ్ళు అతన్ని భుజాల మీద మోసినంత పని చేశారు. ఈసారి వినాయక చవితి పందిరికి పిలవడానికి ఇంటికొచ్చారు. సూరిబాబు లోపల గదిలో ఉండి లేనని చెప్పించాడు. జన్మకి ఒక మంచి పని చేశాననుకున్న మనిషి దగ్గర్నుంచి ఆ ఒక్కటీ తీసేసుకుంటే ఎలా ఉంటుందో హైమ తలుపు సందులోంచి చూసింది. అతను మంచం అంచున చేతులు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

*

గురువారం ల్యాబులో సభకోసం పాగాను సరిచూస్తోంది హైమ. సరిచూడటమంటే ఇంకొకర్ని వెతుక్కోకుండా తన తలకే పెట్టుకోవడం. ఎదురుగా తెర మీద ఆమె నుదురు కనబడుతోంది. అప్పుడే మాస్టారి ఫోనొచ్చింది.

"అమ్మా హైమా, శనివారం వేదిక మీద పాగా నువ్వే పెట్టుకో. నేను రెండు ప్రశ్నలడుగుతాను. సూరిబాబుని కూడా తీసుకురా. తీర్పును తలొంచి ఒప్పుకున్నాడని జనానికి తెలిస్తే అతనికే గౌరవం."

మొగుణ్ణి తీసుకొచ్చి నలుగురిలో తల వంచించాలా? కుదరదని చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే హైమ నోరు తెరిచింది.

"అలాగేనండి మాస్టారూ."

తెర మీద నీలం వెలిగింది. మసకగా కాదు, నిండుగా, ఇన్నేళ్ళలో ఎవరి తల మీదా చూడనంత నీలం.

ఫోను పెట్టేసి ఆమె చాలాసేపు ఆ తెరను చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తను అన్నది ధర్మం కాదు. అంత నీచమైన మాట ఈ మధ్య తను అనలేదు. వట్టి భయం, వట్టి మొహమాటం. అది తనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? మరి పాగాకేం కనబడింది?

ల్యాబులో అటూ ఇటూ తిరిగింది. కిటికీ తెరిచింది, మూసింది. ఆ తర్వాత యంత్రానికి నేర్పిన రోజులు గుర్తొచ్చి, పాత శిష్యుల్లో తనకు చనువున్న పద్మావతికి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ రోజు బియ్యంలో రాళ్ళేరినప్పుడు మాస్టారికి చెప్పేవు కదా, ధర్మమనిపించి చేశానని. నిజంగానే అనిపించిందా?"

అవతల నవ్వు. "ఏంటే నీ ప్రశ్నలు! ఆ రోజు నాకు ఒళ్ళు కాలిపోతోంది. ఎప్పుడు వదిలేస్తారా అని చూశాను. మాస్టారు అంత ఆప్యాయంగా అడుగుతుంటే మొహాన లేదండి అనేస్తామా?"

ఇంకొకాయన, బ్యాంకులో పెద్ద ఉద్యోగి, మరీ ఆశ్చర్యపోయాడు. "భలేవారండీ హైమగారూ. మాస్టారు అడిగితే కాదంటామా అండీ? ఆయ్, కాదంటామా?"

మరో నలుగురితో మాట్లాడింది. అందరిదీ అదే మాట, అదే నవ్వు. గోదావరి నీళ్ళు తాగిన మర్యాదస్థులు! ఎదుటిమనిషి మనసు కష్టపెట్టడం కన్నా అబద్ధమాడటం నయమని ఉగ్గుపాలతో నేర్చినవాళ్ళు! వాళ్ళ తలల్లో ఆ క్షణాన మెరిసింది పెద్దల ముందు వంగడం. దానికే ధర్మమని పేరు పెట్టి యంత్రానికి నూరిపోసింది తను. వంగితే నీలం. వంగకపోతే పసుపు. పాగాకు తెలిసిన విద్య అదొక్కటే.

*

శుక్రవారం పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్ళింది. చెప్పేయాలని దారంతా మాటలు కూర్చుకుంది. "మాస్టారూ, మనం తప్పు చేశాం" అని మొదలుపెట్టాలి. ఆయన వరండాలో ఎదురొచ్చారు.

"రా తల్లీ, ఏంటలా నీరసంగా ఉన్నావు? ముందు టిఫిన్ చెయ్యి. మీ అమ్మగారు పెసరట్లేస్తోంది" అన్నారు. ఆయన భార్యను హైమ అమ్మగారనే అంటుంది.

పెసరట్టు తింటూ చెబుదామనుకుంది. ఆయన శనివారం చదవబోయే ఉపన్యాసం వినిపించారు. వింటూ చెబుదామనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇక నేను పోయినా ఫరవాలేదమ్మా. నా బతుక్కి ఇది చాలు" అన్నారు. ఆ ముసలి కళ్ళలో తడి చూశాక హైమ లేచి చెయ్యి కడుక్కుంది. అల్లం పచ్చడి డబ్బా చేతబట్టుకుని, కాళ్ళకు దండం పెట్టి ఇంటికొచ్చేసింది.

సూరిబాబుకు అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఓదార్చలేదు, కోప్పడలేదు.

"అయితే నాలో ఏముందో నీ పాగా అసలు చూళ్ళేదన్నమాట."

"చూళ్ళేదు. వంగలేదని ఒక్కటే చూసింది."

"మరి ధర్మమా, పొగరా?"

"ఏమో సూరీ. నాకు తెలీదు. దానికీ తెలీదు."

అతను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. "మీ మాస్టారు మీసాలాయన్ని తిడతా ఉంటారు గదా. నీ లోపల మాట్లాడే గొంతు ఎవరిదో ముందు చూసుకోమన్నాడని నువ్వే చెప్పేవు ఒకప్పుడు. ఎవరిదో ఇప్పుడు చూశావు. రేపేం చేస్తావు?"

"చెప్పాలి."

"పెసరట్టు తిని వచ్చేసేవు."

ఆ మాట సూటిగా తగిలింది. కానీ వారం తర్వాత మొదటిసారి అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

*

టౌన్ హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసల్లో మాస్టారి శిష్యులు, వాళ్ళ పిల్లలు, ఊరి పెద్దలు. వేదిక మీద రాజధాని నుంచి వచ్చిన కార్యదర్శి గారు, పక్కన పట్టుకండువాతో మాస్టారు. వెనక పెద్ద తెర. సూరిబాబు చివరి వరసలో, తలుపు పక్కన నిలబడ్డాడు.

హైమ పాగా పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తెర నిండా ఆమె మొహం. చెమట బొట్లు కూడా కనబడుతున్నాయి.

మాస్టారు మైకు దగ్గరకు తీసుకున్నారు. "చెప్పమ్మా. మనుషుల్లో ధర్మాన్ని ఈ యంత్రం గుర్తుపడుతుందని నువ్వు నమ్ముతున్నావా?"

హాలంతా చిరునవ్వుతో ఎదురుచూసింది. ఇన్నేళ్ళలో ఆ మనిషికి హైమ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. అన్నం పెట్టిన చేయి, చదువు పెట్టిన చేయి.

"లేదండి మాస్టారూ" అంది.

దీపం భగ్గున పసుపుగా వెలిగింది. తెర మీద చేటంత పసుపు. హాల్లో గుసగుసలు పుట్టాయి.

ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. రాళ్ళేరిన బియ్యం సంగతి, శిష్యులతో ఫోన్లో మాట్లాడిన సంగతి, గురువారం తన తల మీద వెలిగిన నీలం సంగతి గడగడా చెప్పేసింది. "మనం దీనికి ధర్మం నేర్పలేదండి. దండం పెట్టడం నేర్పాం. కాళీప్రసాద్ గారు ఫోనుకి దండం పెట్టారు. అందుకే నీలం." చెబుతున్నంతసేపూ నుదుటి మీద పసుపు తగ్గలేదు. తను చేసిన యంత్రమే తనను ధర్మబుద్ధి లేనిదని ఊరందరికీ చాటుతోంది.

ముందు వరసలో పద్మావతి తల దించేసుకుంది. బ్యాంకు ఉద్యోగి పక్కకు తిరిగి, "పాపం, మొగుడి ఉద్యోగం పోతోందండి" అన్నాడు, అందరికీ వినబడేలా.

మాస్టారి మొహం పాలిపోయింది. "హైమా, నువ్వు సూరిబాబు మీది ప్రేమతో మాట్లాడుతున్నావు. ప్రేమ ధర్మం కాదని నీకు నేను చెప్పలేదూ?"

"అదీ ఉండొచ్చండి. లేదని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ నేను చెప్పింది నిజమండి." ఆమె పాగా తీసి రెండు చేతులతో ఆయన ముందుకు చాపింది. "ఒక్కసారి మీరు పెట్టుకోండి మాస్టారూ."

అంతమందిలో కాదనడం ఆయనకు మాత్రం చేతనవునా? పెట్టుకున్నారు. తెల్లజుట్టు మీద తీగల టోపీ కొంచెం వదులుగా కూర్చుంది.

కార్యదర్శి గారికి రాజధాని తిరిగి వెళ్ళే తొందర ఉంది. ముందుకు వంగి, మైకు తెరిచి ఉన్న సంగతి మర్చిపోయి, "మాస్టారూ, ఆ అమ్మాయికి ఒంట్లో బాగోలేదని చెప్పేయండి. అంతా సవ్యంగానే ఉందని ఒక్క మాటనేస్తే సంతకం పెట్టేస్తాను. పైవాళ్ళు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

ఇంటికొచ్చిన అతిథి. ప్రభుత్వం పంపిన మనిషి. మాస్టారి నోరు ఆయన కన్నా ముందే పలికేసింది.

"అలాగేనండి."

నీలం వెలిగింది. హాలు గోడల మీద కూడా ఆ నీలం పడింది. జనం చప్పట్లు కొట్టారు.

మాస్టారు వెనక్కి తిరిగి తెర వైపు చూశారు. అక్కడ తన మొహం, తన నుదుటి మీద నీలం. ఆ మాట తన లోపల ఎక్కడ్నుంచి వచ్చిందో ఆయనకొక్కరికే తెలుసు. బతుకంతా ఇంకొకరి పనుల్లో విధి ఏది, భయం ఏది అని విడదీసి చూపించిన మనిషి. ఆయన చెయ్యి మెల్లగా బల్ల అంచు పట్టుకుంది. చప్పట్లు ఆగాయి. కార్యదర్శి గారు కలం మూత తీసి పట్టుకుని చూస్తున్నాడు.

"ఆపండి. సంతకం పెట్టకండి" అన్నారు మాస్టారు.

దీపం పసుపుకు మారింది.

"హైమ చెప్పింది నిజం. ఈ యంత్రం తప్పు చెబుతోంది. మనమే తప్పు నేర్పేం. సూరిబాబు విషయంలో ఘోరం జరిగింది. ఆ తీర్పు చెల్లదు." నుదుటి మీద పసుపు అలాగే మండుతోంది. ఆయన దాన్ని తీయలేదు.

ముందు వరసలో బ్యాంకు ఉద్యోగి చేతులు కట్టుకుని లేచాడు. "ఆయ్, నిజమేనండి మాస్టారూ. నేనూ అదే అనుకుంటున్నానండి."

"మరేనండి, యంత్రాలకేం తెలుస్తుందండి" అంది పద్మావతి.

"సూరిబాబు గారు దేవుడండి." "ఆ అమ్మాయి బంగారమండి." వరసలన్నీ తలలూపాయి. ఇందాక గుసగుసలాడిన నోళ్ళే, ఇందాక నీలానికి చప్పట్లు కొట్టిన చేతులే. హాలంతా ఒక్క గొంతుతో ఔనంది.

చివరి వరసలో సూరిబాబు అందరి తలల మీదుగా హైమ వైపు చూసి, నవ్వలేక నవ్వాడు. ఉద్యోగం నిలబడింది. అది ఎలా నిలబడిందో ఇద్దరికీ తెలుసు. హైమకు సంతోషించాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు.

మాస్టారు వేదిక అంచుదాకా వచ్చారు. పసుపు వెలుగు కింద ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. తను తీర్చిదిద్దిన మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే చూశారు, మొదటిసారి చూస్తున్నట్టు. రెండు చేతులూ జోడించారు.

"ఒక్కరు... మీలో ఒక్కరైనా నన్ను కాదనండయ్యా" అన్నారు.

హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి, ఎంతో భక్తిగా చేతులు జోడించారు.

"అలాగేనండి మాస్టారూ!"